విషయం: మా ఓటములను ఢిల్లీ ఖాతాలో వేయడం గురించి

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

అయ్యా/అమ్మా,

నేను మీ ఫుట్‌బాల్ స్కోర్ల యాప్‌కి ఏడాది చందా కట్టి వాడుతున్నాను. పేరు, ఫోన్ నంబరు, చందా రసీదు జత చేసిన కాగితంలో ఉన్నాయి. యాప్‌లో 'నా జట్టు' అన్న చోట నేను పెట్టుకున్నది హైదరాబాద్ ఎఫ్‌సి. ఈమధ్య ఒక అప్‌డేట్ వచ్చాక తెరిచి చూస్తే అక్కడ స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అని ఉంది. మార్చేముందు నన్ను ఒక్క మాట అడిగినవాళ్ళు లేరు.

క్లబ్బు ఢిల్లీకి వెళ్ళిపోయిందని నాకూ తెలుసు. 2025లో పేరు మార్చి తీసుకెళ్ళారు. అది మీ చేతిలో ఉన్న పని కాదు, దాని మీద మీతో పేచీ లేదు. పాత ఫలితాలు తిరగేసి చూశాకే నాకు ఒళ్ళు మండింది. ఆరేళ్ళ మ్యాచులన్నిట్లోనూ హైదరాబాద్ పేరు తీసేసి ఢిల్లీ పేరు పెట్టేశారు. మీ లెక్క ప్రకారం 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ని పెనాల్టీల్లో ఓడించి ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) కప్పు ఎత్తింది ఢిల్లీ. 2019 నవంబరులో గచ్చిబౌలిలో మొదటి మ్యాచ్ ఆడిందీ ఢిల్లీయే. ఢిల్లీవాళ్ళకి గచ్చిబౌలి సొంత మైదానం ఎప్పుడైందో, ఆ పేజీ రాసినవారే చెప్పాలి.

మీ చాట్‌లో అడిగాను. ముందు యంత్రం మాట్లాడింది: యాప్ తీసేసి మళ్ళీ వేసుకోమంది. వేసుకున్నాను, ఢిల్లీ మళ్ళీ వచ్చింది. తర్వాత మనిషి వచ్చారు. "సార్, క్లబ్ మారింది కాబట్టి డేటా కరెక్టే. పైగా ఈ జట్టుకి విజయాలు తక్కువ, మీకు పెద్దగా నష్టం లేదు" అన్నారు. ఈ ఉత్తరం ఆ రెండో వాక్యానికి జవాబు. ఆ ప్రతినిధి పేరు నేను రాయడం లేదు, వారి ఉద్యోగానికి ఇబ్బంది రాకూడదు. నష్టం ఎంతో మాత్రం వివరంగా చెప్తాను.

2019 అక్టోబరులో మా జట్టు ఐఎస్ఎల్‌లో ఆడిన మొట్టమొదటి మ్యాచ్ కోల్‌కతాలో. అక్కడి జట్టు ఏటీకే చేతిలో 5-0తో ఓటమి. పుట్టిన రోజే జాతకం తెలిసిపోయింది. ఆ తర్వాత గచ్చిబౌలికి వచ్చి కేరళని 2-1తో ఓడించారు. ఆ రాత్రి అక్కడి బాలయోగి స్టేడియం మెట్ల మీద నిలబడి అరిచి గొంతు పోగొట్టుకున్నవాళ్ళలో నేనూ ఉన్నాను. మళ్ళీ గెలుపు ఎప్పుడో తెలుసా? సీజన్ ఆఖరి మ్యాచ్‌లో. అప్పటికి కోచ్ ఫిల్ బ్రౌన్ ఇంటికి పోయి నెల దాటింది. మొత్తం 18 మ్యాచులకు రెండు గెలుపులు, 10 పాయింట్లు, పట్టికలో అట్టడుగు. మొదటి గెలుపుకీ రెండోదానికీ మధ్య ఆఫీసులో నేను పడ్డ పాట్లు వేరు. ఫుట్‌బాల్ మ్యాచ్‌కి పోతున్నానంటే, క్రికెట్ స్టేడియం అనుకుని "ఉప్పలా?" అని అడిగేవారు. కాదు గచ్చిబౌలి అంటే, "అక్కడ మ్యాచులు కూడా అవుతాయా?" అనేవారు. మర్నాడు పొద్దున అడిగే మొదటి ప్రశ్న "ఎన్ని గోల్స్ తేడా?" ఓడారా అని ఎవరూ అడగరు, అది వాళ్ళకి ముందే తెలుసు.

మా జట్టు ఉన్నన్నాళ్ళూ ఐఎస్ఎల్‌లో అట్టడుగున ఉన్నా కింది డివిజన్‌కి దించేవారు కాదు. ఇది వరమని అందరూ అనుకునేవారు. మాకు కాదు. ఇంగ్లాండులో ఓడే జట్టయితే దిగిపోతుంది, అక్కడ తనలాంటి వాళ్ళతో ఆడుకుని నాలుగు మ్యాచులు గెలుస్తుంది. మాకు ఆ భాగ్యం లేకపోయింది. మరుసటి ఏడు మళ్ళీ ఆ పెద్ద జట్లే: మళ్ళీ మోహన్ బగాన్, మళ్ళీ ముంబై.

ఇక కప్పు సంగతి. మనోలో మార్కెస్ కోచ్‌గా వచ్చాక జట్టు మారిపోయింది. 2021-22 సీజన్లో మా ఆటగాడు ఒగ్బెచె 18 గోల్స్ కొట్టాడు, అందరికంటే ఎక్కువ. కానీ అప్పుడు కరోనా. రెండు సీజన్లు మొత్తం గోవాలోనే, ఖాళీ స్టేడియంలలో ఆడించారు. అంటే గచ్చిబౌలిలో మా కళ్ళ ముందు ఆడినన్నాళ్ళూ అట్టడుగు. మేము చూడ్డానికి వీల్లేని చోట ఛాంపియన్లు. ఫైనల్‌కి జనాన్ని రానిచ్చారు. వచ్చింది కేరళవాళ్ళు. గోవాలోని ఫతోర్డా స్టేడియం అంతా పసుపు, అందులో మా జట్టు చొక్కా కూడా పసుపే కాబట్టి టీవీలో చూసేవాళ్ళకి ఊరంతా మనదే అనిపించి ఉంటుంది. 68వ నిమిషంలో కేరళ ఆటగాడు రాహుల్ గోల్ కొట్టినప్పుడు తెలిసింది ఆ పసుపు ఎవరిదో. 88వ నిమిషంలో మా సాహిల్ తవోరా దూరం నుంచి కొట్టిన బంతి లోపలికి పోయింది. పెనాల్టీల్లో మా గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు ఆపాడు. 3-1. మా ఆవిడ నిద్ర లేచి వచ్చి "ఏమైంది?" అంది. "గెలిచాం" అన్నాను. "ఎవరు?" అంది. ఆవిడ తప్పేం లేదు, ఆ మాట మా ఇంట్లో అలవాటు లేదు.

ఆ మ్యాచ్ ఇప్పుడు మీ యాప్‌లో ఢిల్లీ పేరు మీద ఉంది.

మరుసటి ఏడు లీగ్‌లో రెండో స్థానం, సెమీస్‌లో కోల్‌కతావాళ్ళతో రెండు మ్యాచులూ 0-0, పెనాల్టీల్లో 4-3తో ఓటమి. అది గౌరవమైన ఓటమి, దాని గురించి రాయను. అసలు దుఃఖం 2023-24. జీతాలు అందలేదన్న వార్తలు, ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా కొత్త ఆటగాళ్ళని తీసుకోకుండా పెట్టిన నిషేధం, జనవరిలో ఒక్కొక్కరూ మూటాముల్లె సర్దుకుని వేరే జట్లకి పోవడం. మనోలో అప్పటికే గోవాకి వెళ్ళిపోయాడు. విదేశీ ఆటగాళ్ళలో చివరిదాకా నిలబడింది జొవావ్ విక్టర్ ఒక్కడే. మిగతా అంతా కుర్రాళ్ళు. కోచ్ తంగ్‌బోయ్ సింగ్టో వాళ్ళతోనే నెట్టుకొచ్చాడు. 22 మ్యాచుల్లో ఒక గెలుపు, 8 పాయింట్లు. ఆ ఒక్కటీ చెన్నైలో, చెన్నైయిన్ జట్టు మీద 1-0. ఆ కుర్రాళ్ళని తిట్టాలని నాకు ఎప్పుడూ అనిపించలేదు. జీతం చేతికొస్తుందో రాదో తెలియకుండా మైదానంలోకి దిగి, పదోసారి ఓడి కూడా పదకొండోసారి పరిగెత్తినవాళ్ళు వాళ్ళు. ఛాంపియన్లు వేసుకున్న చొక్కా కంటే వాళ్ళు వేసుకున్న చొక్కా మీదే నాకు మమకారం ఎక్కువ. ఎందుకంటే చెప్పలేను, మీరు కూడా అడగకండి.

ఆ ఏడాదంతా మీ యాప్‌లో 'వరుస విజయాల బ్యాడ్జి' అనే తాళం వేసిన బొమ్మ నాకు రోజూ కనబడేది. వరుసగా మూడు గెలిస్తే తెరుచుకుంటుందట. ఆ కింద 'మీకు నచ్చగల ఇతర జట్లు' అని మోహన్ బగాన్, ముంబై సిటీ, గోవా. తాగుబోతు మొగుడున్న ఆడకూతురికి పక్కింటి సంబంధాల జాబితా పంపినట్టుంది మీ వరస.

హారన్ గురించి కూడా చెప్పాలి, ఇది వేరే ఫిర్యాదు. మీ యాప్ గోల్ ఎవరు కొట్టినా ఒకటే హారన్ మోగిస్తుంది. 2024 నవంబరులో ఒడిశాతో గచ్చిబౌలిలో మ్యాచ్. కార్తీకమాసం, ఆ సాయంత్రం బంధువుల ఇంట్లో సత్యనారాయణ వ్రతం, తప్పించుకోలేక వెళ్ళాను. ఫోను జేబులో ఉంది. పంతులుగారు కథ చెప్తుంటే హారన్ మోగింది. "ఫుట్‌బాలా? మనవాళ్ళే కొట్టారా?" అని మా బావగారు సంతోషంగా అడిగారు. ఏం చెప్పను, తల ఊపాను. కాసేపటికి మళ్ళీ మోగింది. "మనోళ్ళు ఇవాళ దున్నేస్తున్నారే!" అని పిల్లలు చప్పట్లు. మూడోదానికి పంతులుగారు కూడా శుభం అన్నారు. ఆ రాత్రి ఒడిశా 6-0తో గెలిచింది. ఆరుసార్లూ అభినందనలు అందుకున్నది నేను. హారన్ ఆపే మీట యాప్‌లో ఎక్కడుందో ఇప్పటికీ నాకు దొరకలేదు.

ఆ సీజన్ కూడా 13 జట్లలో పన్నెండో స్థానంతో ముగిసింది. మొదటి గెలుపు కోల్‌కతాలో మహమ్మడన్ జట్టు మీద 4-0. ఆ రోజు కూడా హారన్ నాలుగుసార్లు మోగింది. నేను మాత్రం ఇంట్లో ఒక్కణ్ణే ఉన్నాను.

ఇప్పుడు మీ ప్రతినిధిగారి మాటకి వద్దాం. నష్టం లేదట. ఈ ఓటములన్నీ మేము పడ్డవి. ఆరు గోల్స్ తిన్న రాత్రి స్టేడియంలో చివరిదాకా కూర్చున్నవాళ్ళు చందానగర్, లింగంపల్లి, కొండాపూర్ మనుషులు. మెట్రో లేని దారిలో ఆటో పట్టుకుని ఇంటికి పోయినవాళ్ళు. ఆ 6-0 కూడా ఇప్పుడు ఢిల్లీ పేరు మీదే రాశారు. ఢిల్లీవాళ్ళు ఏం పాపం చేశారని? వాళ్ళ ఓటములు వాళ్ళు పడతారు, వాళ్ళకీ రోజులొస్తాయి. మావి వాళ్ళ నెత్తిన ఎందుకు?

మీకు తెలియని విషయమేమీ కాదు, మా జట్టు కూడా ఇంకొకరి ఖాళీలోనే వచ్చింది. 2019లో ఎఫ్‌సి పుణె సిటీ మూతపడితే ఆ చోటు మాకు దక్కింది. మీ యాప్‌లోనే వెతికాను: పుణె సిటీ పేజీ పాత ఫలితాలతో సహా విడిగా అలాగే ఉంది. పుణె గెలిచిన మ్యాచులు మాకు రాయలేదు, ఓడినవీ రాయలేదు. పుణెకి చేసిన మర్యాద హైదరాబాద్‌కి ఎందుకు చేయరు? ఇది మీ సాఫ్ట్‌వేర్‌కి చేతకాని పని కాదని మీ యాపే రుజువు చేస్తోంది.

చాట్‌లోనే ఇంకో మాట అన్నారు, "హైదరాబాద్‌లో ఫుట్‌బాల్ చూసేవాళ్ళు తక్కువ కదా సార్" అని. చూసేవాళ్ళు తక్కువే కావచ్చు. కానీ బొంబాయిలో జరిగే రోవర్స్ కప్పు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదేళ్ళు ఎత్తుకొచ్చింది హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు. దానికి కోచ్ రహీం సాబ్ (సయ్యద్ అబ్దుల్ రహీం). ఆయనే 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత జట్టుని నాలుగో స్థానానికి తెచ్చాడు, 1962లో జకార్తా నుంచి ఆసియా క్రీడల బంగారు పతకం తెచ్చాడు. సికింద్రాబాద్ అమ్ముగూడ నుంచి వచ్చిన తులసీదాస్ బలరామ్ ఆ రెండు జట్లలోనూ ఆడాడు. ఆ సిటీ పోలీస్ జట్టు గొప్ప గురించి ఇప్పుడు ఊళ్ళో చెప్తే నమ్మేవాళ్ళు కూడా తగ్గారు. రేపు మా జట్టుకి కూడా అదే గతి పడుతుంది. కనీసం మీ యాప్‌లో చూపించి, ఇదిగో ఉండేది, ఇదిగో ఓడేది అని చెప్పుకునే వీలైనా మిగలాలి.

కాబట్టి నేను కోరేది ఇది. హైదరాబాద్ ఎఫ్‌సి పేరుతో 2019 నుంచి 2025 దాకా ఫలితాలన్నీ విడి పేజీగా, తప్పులు లేకుండా తిరిగి పెట్టాలి. 'నా జట్టు' అన్న చోట అదే పేరు ఉంచుకోనివ్వాలి. ఇక మ్యాచులు లేవని నాకు తెలుసు, ఖాళీగా ఉన్నా పర్వాలేదు. అడగకుండా జట్టు మార్చిన తర్వాత నా కార్డు నుంచి దానంతటదే కోసుకున్న ఈ ఏడాది చందా వెనక్కి వేయాలి, ఎందుకంటే నేను కొన్నది ఢిల్లీ స్కోర్లు కావు. హారన్ ఆపే మీట ఎక్కడుందో చెప్పాలి. 'మీకు నచ్చగల ఇతర జట్లు' అనేది నా ఫోనులో కనబడకూడదు.

పదిహేను రోజుల్లో జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తాను. అక్కడా తేలకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద రంగారెడ్డి జిల్లా కమిషన్‌లో సేవా లోపం కేసు వేస్తాను. ఓడిపోతానేమోనన్న భయం పెట్టి నన్ను ఆపాలని చూడకండి.

జవాబు చాట్‌లో వద్దు. ఉత్తరం రూపంలో, మనిషి సంతకంతో పంపండి.

ఇట్లు,
మీ చందాదారు,
చందానగర్, హైదరాబాద్

జతపరిచినవి: చందా రసీదు, 2022 ఫైనల్ పేజీ, ఒడిశా మ్యాచ్ పేజీ, పుణె సిటీ పేజీల స్క్రీన్‌షాట్లు, మీ చాట్ సంభాషణ పూర్తి ప్రతి.