కార్యదర్శి వార్షిక నివేదిక: వెబ్‌సైటుకెక్కిన మన పాత సంచికలు

సర్వసభ్య సమావేశానికి విచ్చేసిన పెద్దలకు, సభ్యులకు నమస్కారం.

నెలవారీ సభలు, కవిసమ్మేళనం, పిల్లల పద్యపోటీలు ఎప్పటిలాగే జరిగాయి. హాలు ఇచ్చినవారికి, భోజనాలు చూసుకున్నవారికి, కుర్చీలు సర్దిన కుర్రవాళ్లకు కృతజ్ఞతలు. ఈ ఏటి అసలు పని మాత్రం వెబ్‌సైటే.

పాత సైటంతా విడి హెచ్‌టీఎంఎల్ పేజీలు. సభ తేదీ మారినా ఫైలు దిద్ది ఎఫ్‌టీపీలో (సర్వరుకు ఫైళ్లు పంపే పద్ధతి) ఎక్కించగల మనిషిని వెతుక్కోవాలి. పాత సంచికల్లో వెతకాలన్నా, సభ్యులు లాగిన్ కావాలన్నా డేటాబేసు ఉన్న సైటు తప్పదు. ఉపసంఘం జాంగో (ప్రోగ్రామర్లు సైటు కట్టుకునే చట్రం), వర్డ్‌ప్రెస్ (బ్రౌజరులోనే సైటు నడుపుకునే సిద్ధ సాఫ్ట్‌వేరు) రెండూ చూసింది. జాంగోతో కావలసినట్టు కట్టుకోవచ్చు గానీ, సొంత సర్వరు తీసుకుంటే దాన్ని కనిపెట్టుకునే మనిషి ఎప్పుడూ ఉండాలి. మన కార్యవర్గమేమో మారుతూ ఉంటుంది. వర్డ్‌ప్రెస్‌కు కావలసిన పీహెచ్‌పీ భాష, మైఎస్‌క్యూఎల్ డేటాబేసు చవక హోస్టింగ్‌లోనూ (సైటుకు అద్దె చోటు) దొరుకుతాయి. రేపటి కార్యదర్శి బ్రౌజరులోనే నోటీసు పెట్టేయగలరు. అందుకే వర్డ్‌ప్రెస్.

తర్వాతివారి కోసం రెండు మూడు మాటలు. డేటాబేసు టేబుళ్లు యూటీఎఫ్8ఎంబీ4లోనే (అన్ని భాషల లిపులూ పట్టే అక్షర సంకేత పద్ధతి) ఉండాలి. పడమటి ఐరోపా భాషల కోసం చేసిన లాటిన్1లో ఉంటే తెలుగు ప్రశ్నార్థకాలైపోతుంది, ఇక ఆ అక్షరం తిరిగిరాదు. పేజీ చిరునామా ఎప్పుడూ ఇంగ్లీషు అక్షరాల్లో చేత్తో ఇవ్వండి. తెలుగు శీర్షిక నుంచి వర్డ్‌ప్రెస్ తానే చిరునామా తయారుచేస్తే, ఒక్కో తెలుగు గుర్తు (హల్లు, పొల్లు, గుడి వంటివి ఒక్కోటీ ఒక గుర్తే) శాతం గుర్తులతో కలిసి 9 అక్షరాలవుతుంది. డేటాబేసులో చిరునామా గడిలో పట్టేవి 200. అంటే 22 గుర్తులకే తెగుతుంది. ‘స్త్రీ’ ఒక్కటే 6 గుర్తులు! ఒకేలా మొదలయ్యే సంపాదకీయాల చిరునామాలు తెగి ఒకటే అయి, -2, -3 తోకలతో తయారవుతాయి. వరుసల ఎడం 1.7 పెట్టాం, 1.2 అయితే వత్తులు కింది వరుస గుడులకు తగులుతున్నాయి.

అన్నిటికన్నా కష్టం పాత సంచికలు. అను అనే పాత తెలుగు టైపింగు సాఫ్ట్‌వేరులో కొట్టినవి. ఆ ఫాంట్లలో ఇంగ్లీషు సంకేతాల మీద తెలుగు ముక్కలు కూర్చి ఉంటాయి కాబట్టి నేరుగా అతికిస్తే గజిబిజే. యూనికోడ్‌కు మార్చే కన్వర్టరులో వేసినా వత్తులు తారుమారవుతాయి, మనిషి చదివి దిద్దాల్సిందే. ప్రూఫులు చూస్తామని సభలో చేతులెత్తినవారు చాలామంది. ఫైళ్లు పంపాక పలికినవారు ముగ్గురు. ఆ ముగ్గురికీ నమస్సులు. మిగతావారి ఫైళ్లు వారి మెయిల్లోనే భద్రంగా ఉన్నాయని మనవి.

అయినా ఉగాదికి అందించాం. ఒక వ్యవస్థాపక సభ్యులు తమ తొలి వ్యాసంలోని ఓ మాట చెప్పారు. వెతుకు పెట్టెలో కొట్టగానే ఆ పేజీ తెర మీదికి వచ్చింది. హాలంతా చప్పట్లు!

డొమైన్ (సైటు పేరు) ఇంతకాలం ఒక పూర్వ వాలంటీరు సొంత ఖాతాలో ఉండేది, రెన్యువల్ నోటీసులన్నీ అక్కడికే పోయేవి. పలుమార్లు అడిగాక సంఘం పేరిటికి వచ్చింది. బ్యాకప్‌లో డేటాబేసు, ఫొటోలుండే డబ్ల్యూపీ-కంటెంట్ ఫోల్డరు రెండూ తీయాలి. మొదటిది ఒక్కటే ఉంటే వ్యాసాలు వస్తాయి, ఫొటోల చోట ఖాళీ గడులు మిగులుతాయి.

జమాఖర్చుల పట్టిక జతపరిచాం, ఆమోదించ ప్రార్థన. పాస్‌వర్డుల కవరు కోశాధికారి గారి బీరువాలో ఉంది.

ఇట్లు,
కార్యదర్శి