చలిలో ఆగి సాయం చేసిన డ్రైవరన్నకు

గడ్డకట్టే చలిలో, తెల్లవారుజామున నా డీజిల్ ట్రక్కు మొరాయించింది. సెల్ఫ్ కొడితే ఇంజిన్ తిరుగుతోంది, తెల్లపొగ వస్తోంది, అంటుకోవట్లేదు. లోడు చేర్చాలన్న టెన్షన్ ఒకపక్క.

అప్పుడు ఆగారు మీరు. "ఇక సెల్ఫ్ కొట్టకు తమ్ముడూ, బ్యాటరీ దిగిపోతుంది" అన్నారు. తెల్లపొగ వస్తోందంటే డీజిల్ అందుతోందని, వేడి చాలక మండట్లేదని ఓపిగ్గా చెప్పారు. చలిలో ఇంజిన్ అంటుకోవడానికి లోపల వేడి పుట్టించే గ్లో ప్లగ్గులకు కరెంటు రావట్లేదని టెస్ట్ లైటుతో చూపించారు. వాటికి కరెంటు పంపే స్విచ్ లాంటి రిలే దగ్గర వైరు తుప్పుపట్టి వదులైంది. వేళ్లు కొంకర్లు పోతున్నా గ్లౌజులు తీసేసి, దాన్ని శుభ్రంగా గీకి బిగించారు. ఆ చేతులు నాకింకా గుర్తే. ఇంజిన్ నిలకడగా తిరిగేదాకా, మీ లోడు ఆలస్యమవుతున్నా, పక్కనే నిలబడ్డారు. డబ్బులిస్తే తీసుకోలేదు, పేరూ చెప్పలేదు. అన్నా, మీకు మనసారా కృతజ్ఞతలు.