ఫోను చేతులు మారొచ్చు, పుస్తకం మారకూడదా?

గ్రంథాలయాలు, కాపీరైట్ వ్యవహారాలు చూస్తున్న గౌరవనీయ మంత్రిగారికి,

నమస్కారం.

మేం పదకొండు మందిమి. నెలకొక సైన్స్ ఫిక్షన్ నవల చదివి దాని గురించి వాదించుకోవడం మా అలవాటు. ఈసారి చదవడం మాని విందామనుకున్నాం. మాలో ఒక పెద్దాయనకు చూపు మందగించింది, అక్షరాలు ఎంత పెద్దవి చేసినా రెండు పేజీలు దాటలేకపోతున్నారు. అందరం తలా కొంత వేసుకుని ఒక ఆడియోబుక్ కొన్నాం. 18 గంటల నవల. కొన్న అకౌంట్లో తప్ప అది ఇంకెక్కడా పలకదన్న సంగతి డబ్బు కట్టాక తెలిసింది.

తాళం పగలగొట్టి ఫైలు పంచే దారులున్నాయని మాలో కుర్రవాళ్లు చెప్పారు. వద్దన్నాం. ఆ నవల రాసినవాళ్ల పొట్టా, గొంతు ఇచ్చి చదివినవాళ్ల పొట్టా కొట్టి వినడం మాకు ఇష్టం లేదు. చివరికి ఒకరింట్లో మూలన పడి ఉన్న పాత ఫోను దుమ్ము దులిపి, అందులో ఆ ఒక్క పుస్తకమే ఉంచి, ఆ ఫోన్నే చేతులు మార్చుకుంటున్నాం. యాప్ గుర్తుపెట్టుకునేది ఒకే ఒక్క చోటు. ఒకరు ఆపిన చోటు ఇంకొకరు వినగానే చెరిగిపోతుంది. అందుకని ఫోను వెనక ఒక కాగితం అంటించి పేరు, అధ్యాయం, ఎన్నో నిమిషం అని రాసుకుంటున్నాం. రోజుకు గంట చొప్పున వింటే పదకొండో మనిషి ముగించేసరికి 198 రోజులు, అంటే ఆరున్నర నెలలు. అప్పటికి మొదట విన్నవాళ్లకు నాయకుడి పేరు కూడా గుర్తుండదు.

అందరూ ఒకేచోట కూర్చుని వినొచ్చు కదా అని మీరు అడగొచ్చు. ఒకరింట్లో అలాగే మొదలుపెట్టాం. ఆసక్తి ఉన్నవాళ్లు ఇంకా వస్తామంటే గ్రంథాలయం హాల్లో పెడదామనుకున్నాం. అక్కడ తలుపు తెరిచి పదిమందికీ వినిపిస్తే అది బహిరంగ ప్రదర్శన కిందికి వస్తుందేమో, విడిగా అనుమతి కావాలేమో అని అక్కడివాళ్లు భయపడ్డారు. వాళ్లను తప్పుపట్టను. నాకూ భయమే వేసింది.

మిగతా కథల కంటే సైన్స్ ఫిక్షన్‌ని కలిసి వినాల్సిన అవసరం ఎక్కువ అని నేనంటాను. కాగితం మీద చదివేటప్పుడు వేరే గ్రహం వాళ్ల పేరును ఒక్కొక్కరం ఒక్కోలా మనసులో పలుకుతాం. పలకలేనివాళ్లు దాటేసి పోతాం. ఆడియోలో ఒక గొంతు దానికి ఒక పలుకు ఖాయం చేస్తుంది. అది నచ్చనివాళ్లు మాలో ఇద్దరున్నారు, ఆ గొడవ ఇంకా తెగలేదు. పైగా వినేటప్పుడు వెనక్కి తిప్పి ‘ఈ యంత్రం సంగతి ఎక్కడ చెప్పాడు’ అని వెతుక్కోవడం కష్టం. పక్కన విన్నవాళ్లుంటే అడిగి తెలుసుకోవచ్చు. ఆరున్నర నెలల్లో విడివిడిగా వినేవాళ్లకు పక్కన ఎవరుంటారు?

వినే పుస్తకాన్ని ఊహించింది కూడా ఈ సాహిత్యమే. ఫ్రెంచి రచయిత సిరానో ద బెర్జెరాక్ చంద్రలోక యాత్ర మీద రాసిన నవల ఆయన పోయాక, 1657లో అచ్చయింది. గొంతును పట్టి తిరిగి వినిపించే ఎడిసన్ ఫోనోగ్రాఫ్‌కు ఇంకా 220 ఏళ్లున్నాయి. అందులో చంద్రలోకవాసుల పుస్తకాలకు కాగితాలుండవు, అక్షరాలుండవు. గడియారంలా మరలున్న చిన్న పెట్టెలు. కీ ఇచ్చి, ముల్లును కావలసిన అధ్యాయం మీదికి తిప్పితే మనిషి నోటి నుంచి వచ్చినట్టు మాటలు వినిపిస్తాయి. నడుస్తూ, ప్రయాణిస్తూ వినొచ్చంటాడు. ఇందులో నాకు బాగా నచ్చేది ఇంకొకటుంది. కథ చెప్పే మనిషికి ఆ పుస్తకాలు ఎలా వచ్చాయి? కొనలేదు. అక్కడ పరిచయమైన ఒకాయన, కాలక్షేపానికి ఉంచుకోమని చేతిలో పెట్టి వెళ్తాడు.

ఇక చట్టం సంగతి. కాగితం పుస్తకాన్ని ఒకసారి అమ్మాక ఆ ప్రతి ఎవరి చేతికి పోవాలన్నది అమ్మినవాళ్ల చేతిలో ఉండదు. 1908లో అమెరికా సుప్రీంకోర్టు ముందుకు ఇలాంటి తగవే వెళ్లింది. ఒక ప్రచురణ సంస్థ తన నవల లోపల, ఒక డాలరుకు తక్కువకు అమ్మితే హక్కుల ఉల్లంఘన అవుతుందని అచ్చు వేసింది. పుస్తకం అమ్మేశాక అలాంటి షరతు చెల్లదని కోర్టు తేల్చింది. ఎరువు ఇచ్చిపుచ్చుకునే పుస్తకాలూ, పాత పుస్తకాల కొట్లూ, గ్రంథాలయాలూ నిలబడింది ఈ రకం ఆలోచన మీదే.

ఆడియోబుక్ దగ్గరికొచ్చేసరికి మనం కొనేది ప్రతిని కాదట, వినడానికి లైసెన్సునట. బటన్ మీద మాత్రం ‘కొనండి’ అనే ఉంటుంది. కాలిఫోర్నియా రాష్ట్రం దీని మీద చట్టం చేసింది. డిజిటల్ సరుకును లైసెన్సుగా ఇస్తూ ‘కొనుగోలు’ అనదలిస్తే ఆ ముక్క కొనేవాడికి స్పష్టంగా చెప్పి తీరాలని 2025 నుంచి అక్కడ నిబంధన. మీరు కనీసం ఇదైనా చేయొచ్చు. దీనికి ఏ కమిటీ నివేదికా అక్కర్లేదు.

ఇలా చేతులు మారే విషయంలో యూరోపియన్ యూనియన్ కోర్టు రెండు మాటలంది. 2019లో, వాడేసిన ఈ-పుస్తకాలను ఇంటర్నెట్లో తిరిగి అమ్మడానికి వీల్లేదంది. ఫైలు అరగదు, పాతబడదు, వందో చేతిలోనూ కొత్తదానిలాగే ఉంటుంది కాబట్టి కాగితంతో పోల్చలేమన్న వాదనలో న్యాయముంది, ఒప్పుకుంటాను. కానీ అదే కోర్టు 2016లో, గ్రంథాలయం సక్రమంగా సంపాదించిన ఈ-పుస్తకాన్ని ఒక్కో ప్రతీ ఒక్కసారికి ఒక్కరికే ఇచ్చేట్టయితే, గడువు తీరగానే అది పనిచేయకుండా పోయేట్టయితే, దాన్ని మామూలు ఎరువుగానే చూడొచ్చంది. రచయితకు న్యాయంగా చెల్లించాలన్న షరతు దానికి తోడు.

మేం అడిగేది ఆ రెండో మాటే. ఒక ప్రతి, ఒక సమయానికి ఒక మనిషి. ఆడియోబుక్‌కూ అదే కొలత పెట్టండి. మా పాత ఫోను ఇప్పుడు చేస్తున్న పని అదే కదా! కాకపోతే సంచిలో పడి, బ్యాటరీ అయిపోయి చేస్తోంది. గ్రంథాలయాలకూ, మాలాంటి నమోదైన పఠన బృందాలకూ ఈ వీలు చట్టంలో రాయండి. ఏ కంపెనీ తన షరతుల పత్రంతో దాన్ని కొట్టేయలేనట్టు రాయండి. ఈ చివరి ముక్క లేకపోతే మొదటిది ఉన్నా లేనట్టే.

రాసినవాళ్లకు నష్టం కదా అంటారా? గ్రంథాలయం పుస్తకం ఎరువిచ్చినందుకు రచయితకు ప్రభుత్వం చెల్లించే పద్ధతిని డెన్మార్క్ 1946లోనే మొదలుపెట్టింది. బ్రిటన్ 1979లో చట్టం చేసి, ఇంటి నుంచి డౌన్‌లోడ్ చేసుకునే ఆడియోబుక్‌లకు కూడా 2018 నుంచి వర్తింపజేసింది. గొంతు ఇచ్చినవాళ్లకూ అందులో వాటా ఉంది. అది ఉండటం నాకు ముఖ్యం. 18 గంటల పుస్తకాన్ని అలసట వినిపించని గొంతుతో, ఇరవై పాత్రల్ని ఇరవై రకాలుగా పలికిన మనిషి కష్టం వింటేనే తెలుస్తుంది.

మా పెద్దాయనకు ఇంకో దారి ఉంది. చూపు లేనివారికి, అచ్చు చదవలేనివారికి అందుబాటు రూపంలో ప్రతులు తయారుచేసి ఇవ్వొచ్చని 2013లో మొరాకోలోని మరకేష్‌లో అంతర్జాతీయ ఒప్పందం కుదిరింది. అందరికంటే ముందు, 2014లో దాన్ని ఆమోదించింది భారతదేశం. 2016 సెప్టెంబర్ 30న అమల్లోకి వచ్చింది. మంచి ఒప్పందం. కానీ ఆ ప్రతి ఆయనకూ, ఆయనలాంటివారికీ మాత్రమే. మేం ముట్టుకోకూడదు. ‘నాకు విడిగా పెట్టొద్దు, మీతోపాటే కావాలి’ అని ఆయన అన్నప్పుడు మా దగ్గర జవాబు లేకపోయింది.

అయితే మీరే చదివి రికార్డు చేసుకోండి అని ఒక అధికారి సలహా ఇచ్చారు. అదీ మొదలుపెట్టాం. ఇంగ్లీషు సైన్స్ ఫిక్షన్ రచయిత హెచ్.జి.వెల్స్ 1946లో మరణించారు. రచయిత తదనంతరం 70 ఏళ్ల గడువున్న దేశాల్లో ఆయన రచనలు 2017 జనవరి 1 నుంచి అందరివీ, 60 ఏళ్ల లెక్క పాటించే భారత్‌లో అంతకు పదేళ్ల ముందే. అయితే అందరివీ అయింది ఆయన ఇంగ్లీషు వాక్యాలు. ఎవరో ఈమధ్య చేసిన తెలుగు అనువాదానికి ఆ అనువాదకుల హక్కు వేరే ఉంటుంది, దాన్ని చదివిన రికార్డింగుకు మళ్లీ ఇంకో హక్కు. అందుకని అనువాదం కూడా మేమే చేసుకుంటున్నాం. రోజుకో పేజీ కూడా కదలడం లేదు. చదివేటప్పుడు ఫ్యాను ఆపాలి, కాగితం చప్పుడు కాకూడదు, ‘ప’ అన్నప్పుడల్లా మైకు మీద గాలి దెబ్బ పడుతుంది. అరగంట అధ్యాయానికి ఒక పూట పోతోంది. ఆ పని సంతోషంగానే చేస్తున్నాం. దాన్ని ఎవరితోనైనా పంచుకోమనే చెబుతాం. కానీ ఈనాడు రాస్తున్న రచయితలను వినాలంటే వాళ్లు పోయి అరవై ఏళ్లు గడిచేదాకా ఆగమనడం వాళ్లకూ మర్యాద కాదు, మాకూ కాదు.

ఈ లేఖ రాసేనాటికి ఫోను నాలుగో మనిషి దగ్గరుంది. పెద్దాయనకు అందరం మొదటి వంతు ఇచ్చాం, ఆయన ఎప్పుడో ముగించేశారు. ముగింపు గురించి మాట్లాడటానికి ఇంకెవరైనా అక్కడిదాకా వచ్చారా అని రోజూ సాయంత్రం అందరికీ ఫోన్ చేసి అడుగుతున్నారు.

ఇట్లు,
ఒక పఠన బృందం తరఫున