అలెక్సా మా పిల్ల పేరు

సంపాదకులకు,

అలెక్సా అన్న పేరు అమెరికాలో ఎందుకు తగ్గిపోయిందో చెబుతూ మీ ఆదివారం సంచికలో వచ్చిన వ్యాసం చదివి పది రోజులైంది. రాద్దామా, వద్దా అనుకుంటూనే ఇన్నాళ్లూ గడిపాను. కానీ ఆ వ్యాసం పక్కన వేసిన కార్టూన్ మనసులోంచి పోవడం లేదు. ఉయ్యాల్లో పసిపాప, పక్కన నిలబడి "అలెక్సా, పాట పెట్టు" అంటున్న తండ్రి. అందులో నవ్వడానికి ఏముందో నాకు అర్థం కాలేదు.

మా అక్క మనవరాలి పేరు అలెక్సా. మా అక్క కోడలు అమెరికా అమ్మాయి. 2012లో పాప పుడితే వాళ్ల వైపు ముత్తవ్వ అలెగ్జాండ్రా పేరు కలిసేలా అలా పెట్టుకున్నారు. అమెజాన్ ఆ పేరుతో పిలిస్తే పలికే స్పీకరును ప్రకటించింది 2014 నవంబరులో. అప్పటికి మా పిల్లకు మాటలు కూడా వచ్చేశాయి. ఇప్పుడు బడిలో రోజూ "అలెక్సా, లైటు ఆర్పు", "అలెక్సా, టైమెంత" అని ఆర్డర్లే. టీచరుకు చెబితే సరదాకి అంటున్నారులే అన్నారట. మొన్నామధ్య ఫోన్‌లో "చిన్న నానమ్మా, ఇకనుంచి నన్ను లెక్సీ అని పిలువు" అంది. ఎందుకమ్మా అని అడిగితే మాట్లాడలేదు. ఆ రోజు నాకు అన్నం సహించలేదు. దీన్ని మీరు "ఫ్యాషన్ మారింది" అని ఒక్క మాటలో తేల్చేశారు.

ముప్పై ఏళ్లు పిల్లలకు లెక్కలు చెప్పినదాన్ని, మీ వ్యాసంలోని లెక్కల గురించి కూడా చెప్పాలి. అమెరికా సోషల్ సెక్యూరిటీ శాఖ 1880 నుంచి పుట్టిన పిల్లల పేర్లను ఏడాదివారీగా లెక్కకట్టి అందరికీ ఇస్తుంది. ఒక ఏడాదిలో ఐదుగురికన్నా తక్కువమందికి పెట్టిన పేరైతే వాళ్లెవరో తెలిసిపోతుందని ఆ పేరు బయటపెట్టదు. అంత జాగ్రత్తగా ఇచ్చిన లెక్కల్లోంచి మీరు ర్యాంకు ఒక్కటే తీసుకున్నారు. 2015లో అలెక్సా ఆడపిల్లల పేర్లలో 32వ స్థానంలో ఉంది, ఆ ఏడాది ఆరు వేలమందికి పైగా ఆడపిల్లలకు ఆ పేరు పెట్టారు. 2020కి వచ్చేసరికి సుమారు 1,300 మంది. ఐదేళ్లలో దాదాపు ఐదింట నాలుగు వంతులు పోయాయి. ఫ్యాషన్ మారితే ఇలా ఉండదు. మేరీ 1880 నుంచి 1946 దాకా మొదటి స్థానంలో ఉండి, లిండాకు చోటిచ్చి, మళ్లీ 1953లో పైకొచ్చి 1961 దాకా నిలబడింది. ఆ తర్వాత దశాబ్దాలు పట్టింది దిగడానికి. జెన్నిఫర్ 1970 నుంచి 1984 దాకా పదిహేనేళ్లు మొదటిది. అదీ మెల్లమెల్లగానే దిగింది. తల్లిదండ్రులకు విసుగొచ్చి వదిలేసిన పేర్లు అలాగే దిగుతాయి.

ఇంకో తప్పు కూడా ఉంది. లిండా, ఒలీవియా రెండూ మొదటి స్థానం కాబట్టి రెండింటికీ ఒకే ఆదరణ అన్నట్టు రాశారు. 1947లో లిండా అని పేరు పెట్టినవాళ్లు 99 వేలకు పైన. 2023లో మొదటి స్థానంలో ఉన్న ఒలీవియాలు సుమారు 15 వేలు, అంటే ఆ ఏడాది పుట్టిన ఆడపిల్లల్లో నూటికి ఒక్కరు కూడా కాదు. ఒకప్పుడు వ్యాసం అచ్చుకు వెళ్లేముందు అంకెలు సరిచూసేవాళ్లు ఉండేవారు. ఇప్పుడు ఆ పని ఎవరు చేస్తున్నారో చెప్పండి.

అలెక్సా పడిన తీరు చూస్తే నాకు గుర్తొచ్చేది కత్రినా. 2005లో ఆ పేరున్న తుఫాను అమెరికాలోని న్యూ ఆర్లీన్స్‌ను ముంచాక, కొన్నేళ్లలోనే ఆ పేరు ఆ దేశపు పేర్లలో మొదటి వెయ్యిలో కూడా లేకుండా పోయింది. కానీ ప్రపంచ వాతావరణ సంస్థ ఆ పేరును మళ్లీ ఏ తుఫానుకూ పెట్టకుండా జాబితాలోంచి తీసేసింది. తుఫాను విషయంలో చూపిన ఆ మర్యాద ఒక వ్యాపార సంస్థ పిల్లల విషయంలో చూపలేకపోయింది. ప్రాచీన ఈజిప్టులోని అలెగ్జాండ్రియా గ్రంథాలయం గుర్తుగా పెట్టామని, పేరులో 'క్స' శబ్దం ఉంటే యంత్రం సులువుగా గుర్తుపడుతుందని వాళ్లు చెప్పుకున్నారు. కావాలంటే స్పీకరును పిలిచే మాటను 'ఎకో' అనో 'కంప్యూటర్' అనో మార్చుకోవచ్చట. పక్కింటివాళ్లు మార్చుకుంటేనే కదా మా పిల్లకు ఊరట! బ్రిటన్‌లో అయితే ఈ బాధ పడలేక కూతురి పేరు మార్చుకున్న తల్లిదండ్రులు కూడా ఉన్నారు. చెప్పిన పనల్లా చేసే ఈ యంత్రాలకు ఆడగొంతే ఇవ్వడం వల్ల పిల్లల మనసులో ఏం నాటుకుంటుందో 2019లో యునెస్కో నివేదికే హెచ్చరించింది. మీ వ్యాసంలో దాని ఊసే లేదు.

మన అధికారుల సంగతీ చెప్పాలి. 1969 నుంచి జనన మరణాల నమోదు చట్టం ఉంది. పాప పేరు రిజిస్టర్‌లో రాయించడానికి ఎన్నిసార్లు తిరగాలో పిల్లలున్న ప్రతి ఇంటికీ తెలుసు. ఇంత రాయించుకుని, ఏటా నివేదికల్లో ఎంతమంది పుట్టారో చెబుతారు కానీ, ఏ పేరు ఎంతమందికి పెట్టారో చెప్పరు. రేపు మన ఆడపిల్లల పేరొకటి తీసుకుని ఎవరైనా ఏ యంత్రానికో పెడితే, ఎంతమంది పిల్లలు నలిగిపోయారో చెప్పడానికి మన దగ్గర అంకె కూడా ఉండదు. మనుషుల పేర్లను యంత్రాలను పిలిచే మాటలుగా వాడకూడదని ఒక నిబంధన తేవడానికి ఇంకా ఏం జరగాలి?

నేను అడిగేది రెండే. ఆ అంకెలు సరిచేస్తూ ఒక సవరణ వేయండి. లోపలి పేజీలో అడుగున చిన్న అక్షరాలతో కాదు, కార్టూన్ వేసిన పేజీలోనే వేయండి. మా అక్క మీ పత్రిక చదువుతుంది. ఆ కార్టూన్ కూడా చూసింది.

ఇట్లు
విశ్రాంత లెక్కల టీచరు, మీ పాఠకురాలు