బస్సెక్కకుండా 381 రోజులు

చి. సింధుకు,

నాన్న ఆశీస్సులు.

అట్లాంటా నుంచి అలబామా రాష్ట్రంలోని మాంట్‌గోమరీ వెళ్లొస్తామని మొన్న ఫోన్‌లో చెబుతూ ఒక ప్రశ్న అడిగావు. 1955లో బస్సుల్లో వర్ణవివక్షకు నిరసనగా ఆ ఊరి నల్లవాళ్లు ఏడాదికి పైగా బస్సెక్కలేదు కదా, అంతమంది రోజూ పనుల్లోకి ఎలా వెళ్లారని. ఫోన్‌లో రెండు ముక్కల్లో తేలే సంగతి కాదది. బస్సులో సీటు వదలని రోసా పార్క్స్ ధైర్యం గురించి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. ఆ ధైర్యాన్ని నిలబెట్టిన పెట్రోలు, ఇన్సూరెన్సు, పికప్ పాయింట్ల గురించి చెప్పేవాళ్లు తక్కువ. డిపోలో షెడ్యూళ్లు వేసినవాడిగా నాకు అదే అసలు కథ అనిపిస్తుంది.

ముందు ఆ బస్సు లోపల ఎలా ఉండేదో తెలుసుకో. మొత్తం 36 సీట్లు. ముందున్న 10 తెల్లవాళ్లవి. బస్సులో తెల్లవాడు ఒక్కడూ లేకపోయినా వాటిలో నల్లవాళ్లు కూర్చోకూడదు. వెనక 10 నల్లవాళ్లకు. మధ్యలోని 16 సీట్లు డ్రైవర్ ఇష్టం. డ్రైవర్లకు ఈ విషయంలో పోలీసు అధికారాలు ఇచ్చింది నగర చట్టం. నల్లవాళ్లు ముందు తలుపు దగ్గర డబ్బులు వేసి, కిందికి దిగి, వెనక తలుపు నుంచి ఎక్కాలి. వాళ్లు వెనక్కి నడిచేలోగా బస్సు కదిలిపోవడం మామూలే. తెల్లవాళ్ల సీట్లు నిండాక ఇంకో తెల్ల ప్రయాణికుడు ఎక్కితే, మధ్య భాగంలోని మొదటి వరసలో ఉన్న నలుగురూ లేవాలి. ఒక్కరు లేస్తే సరిపోదు, ఎందుకంటే ఒకే వరసలో తెల్లవాళ్లూ నల్లవాళ్లూ కలిసి కూర్చోవడం నిషిద్ధం. 1955 డిసెంబర్ 1, గురువారం సాయంత్రం క్లీవ్‌లాండ్ ఎవెన్యూ బస్సులో జరిగింది ఇదే. ఒక్క తెల్లాయన కోసం నలుగుర్ని లేవమన్నాడు డ్రైవర్. ముగ్గురు లేచారు. రోసా పార్క్స్ లేవలేదు. వేరే ఖాళీ సీటు లేనప్పుడు ఎవరూ లేవనక్కర్లేదని ఆ నగర చట్టంలోనే రాసి ఉంది. అమలు చేసేవాళ్లు ఆ వాక్యాన్ని పట్టించుకోలేదు.

ఆమె ఒక డిపార్ట్‌మెంట్ స్టోరులో కుట్టుపని చేసేది. అదే సమయంలో నల్లవాళ్ల హక్కుల సంఘమైన ఎన్.ఎ.ఎ.సి.పి. స్థానిక శాఖకు కార్యదర్శి కూడా. ఆ వేసవిలోనే టెనెసీలోని హైలాండర్ ఫోక్ స్కూల్లో ఉద్యమకారుల శిక్షణకు వెళ్లొచ్చింది. అంతకు ముందు మార్చిలో పదిహేనేళ్ల క్లాడెట్ కాల్విన్ కూడా సీటు వదలనందుకే అరెస్టయింది. ఆ కేసును పైకి తీసుకెళ్లాలని చూశారు గానీ, అప్పీలులో జడ్జి సీట్ల విభజన అభియోగాన్ని కొట్టేసి, పోలీసు మీద చెయ్యి చేసుకుందన్న అభియోగం మాత్రం ఉంచాడు. దాంతో ఆ చట్టాన్నే సవాలు చేసే దారి మూసుకుపోయింది. చూడు, కేసును గెలవనివ్వకుండా చేయడానికి శిక్షే వేయనక్కర్లేదు, అభియోగం మారిస్తే చాలు.

రోసా పార్క్స్ అరెస్టయిన రాత్రే కదిలింది విమెన్స్ పొలిటికల్ కౌన్సిల్. 1946లో మేరీ ఫెయిర్ బర్క్స్ పెట్టిన సంఘం అది. అప్పటి అధ్యక్షురాలు జో ఆన్ రాబిన్సన్, అలబామా స్టేట్ కాలేజీలో ఇంగ్లిష్ అధ్యాపకురాలు. బస్సుల్లో ఎక్కేవాళ్లలో నాలుగింట మూడొంతులు మావాళ్లే, పద్ధతి మారకపోతే బహిష్కరణ తప్పదని ఆవిడ 1954 మే నెలలోనే మేయరుకు లేఖ రాసింది. అంటే ఆలోచన ఏడాదిన్నరగా సిద్ధంగా ఉంది. ఆ రాత్రి కాలేజీలోని సైక్లోస్టైల్ మెషీన్ మీద, ఇద్దరు విద్యార్థులు, ఒక సహోద్యోగి సాయంతో కరపత్రాలు తీశారు. ఒక్కో కాగితం మీద ఒకే మాటను మూడుసార్లు అచ్చువేసి, మూడు ముక్కలుగా కోసి, కట్టలు కట్టారు. తెల్లవారుజాము నాలుగింటికల్లా వేల కొద్దీ సిద్ధం. శుక్రవారం బడులకు, దుకాణాలకు, బ్యూటీ పార్లర్లకు చేరాయి. సోమవారం, డిసెంబర్ 5న బస్సులు ఖాళీగా తిరిగాయి.

అదే రోజు రోసా పార్క్స్‌కు 10 డాలర్ల జరిమానా, 4 డాలర్ల కోర్టు ఖర్చు వేశారు. సాయంత్రం హోల్ట్ స్ట్రీట్ బాప్టిస్ట్ చర్చి కిక్కిరిసి, జనం వీధిలో నిలబడ్డారు. మాంట్‌గోమరీ ఇంప్రూవ్‌మెంట్ అసోసియేషన్ పుట్టింది, 26 ఏళ్ల పాస్టర్ మార్టిన్ లూథర్ కింగ్ అధ్యక్షుడయ్యాడు. ఆ రోజు వాళ్లు అడిగినవి వింటే నువ్వు ఆశ్చర్యపోతావు. విభజన ఎత్తేయమని కూడా అడగలేదు. మర్యాదగా మాట్లాడాలి, తెల్లవాళ్లు ముందు నుంచి, నల్లవాళ్లు వెనక నుంచి ముందొచ్చినవాళ్లు ముందు కూర్చోవాలి, కూర్చున్నవాళ్లను లేపకూడదు, నల్లవాళ్లు ఎక్కువగా ఎక్కే రూట్లలో నల్ల డ్రైవర్లను పెట్టాలి. అంతే. రెండో పద్ధతిని అదే అలబామాలో మొబైల్ నగరంలో అదే మాతృసంస్థ బస్సులు అప్పటికే పాటిస్తున్నాయి! అది కూడా కుదరదన్నారు. ఆ చిన్న కోరికకు ఒప్పుకుని ఉంటే దేశ చరిత్ర ఎటు పోయేదో చెప్పలేం. మొండితనమే వాళ్లను ఓడించిందని నా నమ్మకం.

ఇక నువ్వడిగిన సంగతికి వస్తాను. మొదటి రోజుల్లో నల్లవాళ్ల ట్యాక్సీలు బస్సు ఛార్జీకే, అంటే 10 సెంట్లకే ఎక్కించుకున్నాయి. ట్యాక్సీకి కనీస ఛార్జీ 45 సెంట్లు అని ఒక పాత నిబంధన ఉంది. నగర పాలకులు దాన్ని బయటికి తీశారు. అక్కడితో ట్యాక్సీల దారి మూతపడింది. 1953లో లూసియానాలోని బాటన్ రూజ్‌లో ఇలాంటి బహిష్కరణే నడిపిన పాస్టర్ టి.జె. జెమిసన్‌కు కింగ్ ఫోన్ చేసి, వాళ్లు సొంత కార్లతో ఎలా నెట్టుకొచ్చారో వివరంగా అడిగాడు. వారం తిరిగేసరికి మాంట్‌గోమరీలో కార్ పూల్ మొదలైంది. కార్లు 300 వరకు ఉండేవి.

కార్లు ఉన్నంత మాత్రాన సర్వీసు నడవదు. ఎవరు, ఎక్కడ, ఎన్నింటికి నిలబడాలి, ఏ కారు ఎటు పోవాలి, ఇది తేలాలి. ఊరి సందుగొందులు పోస్టల్ ఉద్యోగులకు తెలిసినంతగా ఎవరికి తెలుస్తాయి? వాళ్ల సాయంతో మ్యాపు గీశారు. ఉదయం నల్లవాళ్ల పేటల్లో 40కి పైగా ఎక్కించుకునే చోట్లు పెట్టారు, ఎక్కువగా చర్చిల దగ్గర, ఎందుకంటే చలిలో, వానలో లోపల కూర్చోవచ్చు. సాయంత్రం తిరుగు ప్రయాణానికి మరో 40కి పైగా. కష్టమంతా ఈ రెండో దాంట్లోనే ఉంది. ఉదయం అందరూ నాలుగైదు పేటల నుంచే బయల్దేరతారు. సాయంత్రం వంటమనుషులు, ఆయాలు తెల్లవాళ్ల పేటల్లో మూలమూలలా చెదిరి ఉంటారు, అక్కడ గుమిగూడి నిలబడే చోటు దొరకదు. నగరం నడిబొడ్డున ఒక నల్లాయన కార్ల పార్కింగ్ స్థలం ఇచ్చాడు. బండి మారే జంక్షన్‌గా అది పనికొచ్చింది. రవాణా కమిటీ బాధ్యత రూఫస్ లూయిస్‌ది.

ఇందులో ఎక్కినవాళ్ల దగ్గర డబ్బులు తీసుకోకూడదు. తీసుకుంటే లైసెన్సు లేని ట్యాక్సీ అని పట్టుకుంటారు. మరి పెట్రోలు, టైర్ల ఖర్చు? సోమ, గురువారాల్లో చర్చిల్లో జరిగే సభల్లో చందా పళ్లెం తిరిగేది. జార్జియా గిల్మోర్ అనే వంటావిడ కొందరు ఆడవాళ్లను కూడగట్టి కేకులు, పైలు, భోజనాలు వండి ఇంటింటికీ అమ్మి ఆ డబ్బు సభలో ఇచ్చేది. డబ్బిచ్చినవాళ్ల పేర్లు బయటపడితే వాళ్ల ఉద్యోగాలు పోతాయి కనుక తన బృందానికి 'క్లబ్ ఫ్రమ్ నోవేర్' అని పేరు పెట్టింది. కింగ్ మీద కేసులో సాక్ష్యం చెప్పినందుకు ఆవిడ ఉద్యోగమే పోయింది. తర్వాత తన ఇంటి వంటగదినే హోటల్ చేసుకుంది.

బయటి నుంచి విరాళాలు రావడం మొదలయ్యాక స్టేషన్ వ్యాగన్లు కొన్నారు. వాటిని ఒక్కో చర్చి పేరు మీద రిజిస్టర్ చేసి, పక్కన ఆ చర్చి పేరు రాయించారు. అప్పుడు ఇన్సూరెన్సు కంపెనీలు పాలసీలు రద్దు చేయడం మొదలుపెట్టాయి. ఇన్సూరెన్సు లేని బండి రోడ్డెక్కితే పోలీసులకు పండగే. అట్లాంటాలోని టి.ఎమ్. అలెగ్జాండర్ అనే నల్ల బీమా ఏజెంటు చివరికి లండన్‌లోని లాయిడ్స్ ద్వారా పాలసీ ఇప్పించాడు. సముద్రం అవతలి పూచీతో మాంట్‌గోమరీ బండ్లు మళ్లీ కదిలాయి.

పోలీసులు కార్ పూల్ డ్రైవర్లను వీధివీధినా ఆపారు. జో ఆన్ రాబిన్సన్ ఒక్కావిడకే 17 ట్రాఫిక్ టికెట్లు రాశారు. 25 మైళ్ల వేగం ఉండాల్సిన చోట 30తో నడిపాడని జనవరి 26న కింగ్‌ను జైల్లో పెట్టారు. జనవరి 30న ఆయన ఇంటి వరండాలో బాంబు పేలింది. ఫిబ్రవరిలో, 1921 నాటి బహిష్కరణ నిరోధక చట్టం కింద ఎనభైమందికి పైగా మీద కేసులు పెట్టారు. అరెస్టు కోసం ఎదురుచూడకుండా వాళ్లే మంచి బట్టలేసుకుని నడిచి వెళ్లి లొంగిపోయారు.

వీటన్నిటికంటే ప్రమాదకరమైంది ఒక వార్త. జనవరి 22 ఆదివారం పత్రికలో బహిష్కరణ ముగిసింది, నల్ల పాస్టర్లతో రాజీ కుదిరింది అని రాబోతోందని ముందు రోజు రాత్రి ఒక నల్ల విలేకరి ద్వారా తెలిసింది. ఆ ముగ్గురు పాస్టర్లకూ ఉద్యమంతో సంబంధమే లేదు. కింగ్, మిగతా నాయకులు ఆ రాత్రి పొద్దుపోయేదాకా క్లబ్బులు, బార్లు తిరిగి అది అబద్ధమని చెప్పారు. చర్చికి వచ్చేవాళ్లకు ఆదివారం పొద్దున చెప్పొచ్చు, రానివాళ్లను వాళ్లున్న చోటికే వెళ్లి పట్టుకోవాలి కదా. సోమవారం కూడా బస్సులు ఖాళీగానే తిరిగాయి. ఇంత చిన్న పనిలో ఎంత తెలివి ఉందో నాకు చదివిన ప్రతిసారీ కొత్తగా అనిపిస్తుంది.

బస్సు కంపెనీకి రాబడి సగానికి పైగా పడిపోయింది, ట్రిప్పులు తగ్గించింది, ఛార్జీ 10 నుంచి 15 సెంట్లకు పెంచింది. అయినా నగరం దిగిరాలేదు. అందుకే ఫిబ్రవరి 1న యువ లాయర్ ఫ్రెడ్ గ్రే ఫెడరల్ కోర్టులో 'బ్రౌడర్ వర్సెస్ గేల్' కేసు వేశాడు. అందులో రోసా పార్క్స్ పేరు లేదు. ఆమె క్రిమినల్ అప్పీలు రాష్ట్ర కోర్టులో నడుస్తోంది, రెండూ కలిస్తే ఫెడరల్ కోర్టు పక్కకు తప్పుకునే సాకు దొరుకుతుంది. ఆరీలియా బ్రౌడర్, సూసీ మెక్‌డొనాల్డ్, మేరీ లూయిస్ స్మిత్, క్లాడెట్ కాల్విన్ వాదులుగా నిలిచారు. బెదిరింపులకు ఐదో ఆవిడ వెనక్కి తగ్గింది. జూన్ 5న ముగ్గురు జడ్జీల బెంచి 2-1తో విభజన రాజ్యాంగ విరుద్ధమని చెప్పింది. నగరం అప్పీలుకు వెళ్లింది.

నవంబర్ 13న కింగ్ స్థానిక కోర్టులో కూర్చుని ఉన్నాడు. కార్ పూల్‌ను ఆపేయమని నగరం వేసిన కేసు అది. విరామంలో ఒక విలేకరి చేతికిచ్చిన కాగితం ముక్క చూస్తే, కింది తీర్పును సుప్రీంకోర్టు ఖాయం చేసిందని ఉంది. అదే రోజు ఈ కోర్టు కార్ పూల్‌ను నిషేధించింది కూడా! సుప్రీంకోర్టు ఉత్తర్వు కాగితం మాంట్‌గోమరీకి చేరింది డిసెంబర్ 20న. మధ్యలో ఐదు వారాలు అటు బస్సూ ఎక్కలేదు, ఇటు కార్ పూలూ లేదు. గెలిచాం కదా అని ఎవరూ తొందరపడలేదు. నడిచారు, ఇరుగుపొరుగు కార్లలో సర్దుకున్నారు.

ఆ వారాల్లో ఇంకో పని జరిగింది. చర్చిల్లో కుర్చీలను బస్సు సీట్లలా వరసల్లో వేసి, ఒకరు డ్రైవరుగా, కొందరు తెల్లవాళ్లుగా నటిస్తూ తిడతారు, నెడతారు. మిగతావాళ్లు మాట తూలకుండా కూర్చోవాలి. కోపం ఆపుకోలేనివాళ్లను పక్కన పెట్టి మళ్లీ చేయించేవాళ్లు. పంచిన కరపత్రంలో సూచనలు చాలా నిక్కచ్చిగా ఉంటాయి: వేరే సీటు ఖాళీగా ఉంటే కావాలని తెల్లవాళ్ల పక్కన కూర్చోవద్దు, కూర్చునే ముందు అనుమతి అడుగు, గొప్పలు చెప్పుకోకు, కొట్టినా తిరిగి కొట్టకు. డిసెంబర్ 21 ఉదయం బస్సెక్కారు. వారం తిరిగేసరికి బస్సుల మీద కాల్పులు జరిగాయి, గర్భిణి రోసా జోర్డాన్ కాళ్లకు తూటాలు తగిలాయి. జనవరి 10న నాలుగు చర్చిల మీద, రెండు ఇళ్ల మీద బాంబులు పడ్డాయి. ఉద్యోగం పోయిన రోసా పార్క్స్ ఆ ఏడే డెట్రాయిట్ వెళ్లిపోయింది. క్లాడెట్ కాల్విన్ మీద ఉన్న ఆ బాల్యపు కేసు రికార్డును కోర్టు చెరిపేసింది 2021లో.

మనకూ దీనికీ సంబంధం ఉంది, సింధూ. బహిష్కరణ మొదలైన వారానికే జూలియట్ మోర్గాన్ అనే తెల్ల లైబ్రేరియన్ దీన్ని గాంధీగారి ఉప్పు సత్యాగ్రహంతో పోలుస్తూ పత్రికకు లేఖ రాసింది. అందుకు ఆవిడను సొంతవాళ్లే వెలివేసినంత పని చేశారు. ఇక వీసాల సంగతి. 1923లో భగత్ సింగ్ థింద్ కేసులో భారతీయులకు పౌరసత్వం లేదని అమెరికా సుప్రీంకోర్టు తేల్చింది. 1946లో తలుపు తీసినా భారతదేశానికి ఏటా 100 మందికే కోటా. దేశాలవారీ కోటాలు పోయింది 1965 చట్టంతో. నల్లవాళ్ల ఓటు హక్కు చట్టం వచ్చిన రెండు నెలలకు అది వచ్చింది. ఆ పోరాటం మార్చిన గాలిలోనే మనవాళ్లు అక్కడ దిగారు. కనుక మీ తెలుగు కూడికల్లో ఎవరైనా ఇంటిపేరు అడిగి కులం ఆరా తీస్తే నవ్వి ఊరుకోకు. సియాటిల్ నగరం 2023 ఫిబ్రవరిలో కుల వివక్షను నిషేధించింది, అమెరికా నగరాల్లో అదే మొదటిది. అదే ఏడాది కాలిఫోర్నియాలో రెండు సభలూ దాటిన బిల్లును గవర్నరు ఆపేశారు. ఎవరు ఏ వాదనతో వ్యతిరేకించారో చదివి చూడు, 1955 నాటి మాటలు కొన్ని మళ్లీ వినబడతాయి.

మాంట్‌గోమరీలో ఒక పూట రోసా పార్క్స్ మ్యూజియానికి కేటాయించు. చర్చి వ్యాగన్ ఒకటి అక్కడ పెట్టారు, వెనక ఎంతమంది పడతారో లెక్కేసి చూడు. అసలు బస్సు మాత్రం అక్కడ లేదు, మిషిగన్‌లో డియర్‌బోర్న్‌లోని హెన్రీ ఫోర్డ్ మ్యూజియంలో ఉంది. కింగ్ పాస్టరుగా ఉన్న డెక్స్‌టర్ ఎవెన్యూ చర్చి నుంచి రాష్ట్ర శాసనసభ భవనం ఎంత దగ్గరో నడిచి చూడు. అమ్మ పచ్చడి పార్సెల్ వచ్చే వారం పంపుతుంది, అడ్రసు మారితే ముందే చెప్పు.

ఆశీస్సులతో,
నాన్న