కడిగిన పొట్టు పేరుతో ఉప్పు పొట్టు

తిరుపతి,
22-09-2025.

మేనేజరు గారికి,
ఎగుమతి సరుకుల సేకరణ విభాగం.

విషయం: ఆగస్టు 28న రేణిగుంట గోదాముకు చేరిన 4,800 కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) దిమ్మల తిరస్కరణ, చెల్లించిన సొమ్ము వాపసు గురించి.

అయ్యా,

మీరు పంపిన సరుకును నేను తీసుకోవడం లేదు. ఈ మాట ఆగస్టు 28 సాయంత్రమే ఫోనులో చెప్పాను, మరునాడు మెయిల్‌లో రాశాను. అప్పటి నుంచి మీ కార్యాలయం చెబుతున్న జవాబు ఒక్కటే: "చూస్తున్నాం." ఇరవై అయిదు రోజులు చూశారు. ఏం చూడాలో తెలియక ఆలస్యమవుతోందేమోనని వివరంగా రాస్తున్నాను.

జూన్‌లో మీ ప్రతినిధి తిరుపతికి వచ్చి, అయిదు కిలోల దిమ్మలు ఆరు మచ్చుకు ఇచ్చారు. కోనసీమలో మీరు ఎంపిక చేసిన మిల్లుల నుంచే సేకరిస్తామని, పొట్టును మంచినీటితో కడిగి, కాల్షియం నైట్రేట్ ద్రావణంలో నానబెట్టి, ఆరబెట్టాకే దిమ్మలు కొట్టిస్తామని చెప్పారు. కడగని సరుకు కంటే టన్నుకు మూడు వేలు ఎక్కువ అడిగారు. బేరమాడకుండా ఒప్పుకున్నాను. ఆ మూడు వేలు దేనికో నాకు తెలుసు మరి. కొబ్బరి పీచులో సోడియం, పొటాషియం లవణాలు సహజంగానే ఉంటాయి. నీటితో కడిగితే పైపై ఉప్పు పోతుంది. పొట్టును అంటిపెట్టుకుని ఉన్నది మాత్రం కాల్షియం వచ్చి చోటు లాక్కుంటే తప్ప కదలదు. ఆ పని చేయని పొట్టులో మొక్క నాటితే, మనం వేసే ఎరువులోని కాల్షియాన్ని పొట్టే మింగేసి, సోడియాన్ని వేరుకు వదులుతుంది. నెదర్లాండ్స్‌లోని నా కొనుగోలుదారు గ్రీన్‌హౌసుల్లో టమాటా పండించేవారికి అమ్ముతాడు. ఆ పంటకు మట్టి ఉండదు, ఈ పొట్టులోనే వేరు పోవాలి. అందుకే ఈసీ, అంటే ఉప్పు ఎంతుందో చెప్పే విద్యుత్ వాహకత, సెంటీమీటరుకు 0.5 మిల్లీసీమెన్స్ దాటకూడదని ఒప్పందంలో రాయించాను. కింద మీ సంతకం, మీ ముద్ర ఉన్నాయి.

ఇక వచ్చిన సరుకు సంగతి. రెండు లారీల్లోనూ తలుపు దగ్గరి వరుసల్లోంచి తీసిన దిమ్మలు చూడటానికి మచ్చుకు తగ్గట్టే ఉన్నాయి. సంతోషించి దించమన్నాను. సగం లోడు దిగాక హమాలీలలో ఒకాయన ఒక దిమ్మను నా ముందు పెట్టి, "లోపలివన్నీ ఈ రంగులో ఉన్నాయి, చూడండి" అన్నాడు. ముప్పై ఏళ్లుగా మూటలు మోస్తున్న మనిషి. మీ నాణ్యత విభాగంలో ఆయనలాంటివారు ఒక్కరున్నా ఈ ఉత్తరం అవసరమయ్యేది కాదు. లారీల మధ్య నుంచి పది దిమ్మలు తీయించి నానబెట్టాను. మొదట మా బోరు నీళ్లు వాడాను. ఆ నీటి ఈసీయే 1.1 ఉందని గమనించి, ఆ లెక్కలు కొట్టేసి, బ్యాటరీ దుకాణంలో డిస్టిల్డ్ నీళ్లు కొని తెచ్చి, ఒక వంతు పొట్టుకు ఒకటిన్నర వంతుల నీళ్లు కలిపి మళ్లీ కొలిచాను. అన్నిటికంటే తక్కువ వచ్చినది 1.9, ఎక్కువ 2.6. పదింటిలో ఒక్కటి కూడా ఒప్పందం దరిదాపుల్లో లేదు.

అంతటితో ఆగలేదు. నాలుగు దిమ్మల అంచుల్లో గడ్డి మొలకలున్నాయి. పొట్టును కళ్లంలో కాకుండా ఉత్త నేల మీద ఆరబెట్టారని దాన్నిబట్టే తెలుస్తోంది. ఈ సరుకును చెన్నైలో మొక్కల క్వారంటైన్ అధికారుల ముందు పెట్టి ఫైటోశానిటరీ (చీడపీడలు లేవనే) ధ్రువపత్రం అడిగే ధైర్యం నాకు లేదు. మీరు జతచేసిన ప్రయోగశాల నివేదికపై తేదీ జూన్ 11. దిమ్మల అట్టలపై తయారీ నెల ఆగస్టు. పుట్టని బిడ్డకు పరీక్ష ఎలా చేయించారో అర్థం కాలేదు.

మీ వాళ్లు ఫోనులో చెప్పిన సమాధానాలు కూడా రాసి ఉంచాను. ప్రకృతి సిద్ధమైన సరుకు కనుక తేడాలు సహజమని ఒకరు అన్నారు. సహజమే. అయితే ఆ తేడా లారీ తలుపు దగ్గర ఒక రకంగా, లోపల మరో రకంగా వరుస కట్టి రావడం ప్రకృతి పని కాదు, పేర్చినవారి పని. మరొకరు "కొన్నవాళ్లు కడుక్కుంటారు లెండి" అన్నారు. గట్టిగా నొక్కిన దిమ్మను విడగొట్టి, కడిగి, ఆరబెట్టి, మళ్లీ నొక్కించే ఖర్చుకు కొత్త సరుకే వస్తుంది. అయినా చూద్దామని మదనపల్లె దగ్గర టమాటా నారు పెంచే మిత్రుడికి మీ మచ్చు దిమ్మ ఒకటి, లారీ మధ్యలోది ఒకటి ఇచ్చాను. ఆగస్టు 30న రెండేసి ట్రేలలో ఒకే విత్తనం వేశాడు. మచ్చు పొట్టులో నారు పచ్చగా నిలబడింది. రెండోదాంట్లో చాలా గుంతలు ఖాళీ, మొలిచిన వాటి ఆకుల అంచులు మాడిపోయాయి. ఫోటోలు జతచేశాను. తిరుమల అఖిలాండం దగ్గర రోజూ కొబ్బరికాయలు పగిలే చోటు మాది. వట్టి పీచు కావాలంటే అంత దూరం మీ దాకా రానక్కరలేదు.

వస్తు విక్రయ చట్టం 1930లోని 17వ సెక్షన్ ప్రకారం, మచ్చు చూపి అమ్మినప్పుడు మొత్తం సరుకు నాణ్యతలో ఆ మచ్చుకు సరిపోవాలి. 43వ సెక్షన్ ప్రకారం, తిరస్కరించిన సరుకును తిరిగి పంపే బాధ్యత కొనుగోలుదారుది కాదు, తీసుకోవడం లేదని తెలియజేస్తే చాలు. నేను మూడుసార్లు తెలియజేశాను, ఇది మూడోది.

చెన్నై రేవులో బుక్ చేసిన కంటైనర్ రద్దయింది. నా కొనుగోలుదారు సరుకును పొల్లాచి నుంచి తెప్పించుకున్నాడు, ఇకపై నన్ను పిలుస్తాడో లేదో. ఆ నష్టానికి మీ మీద బిల్లు వేయడం లేదు. నేను అడుగుతున్నది ఇంతే: అడ్వాన్సుగా ఇచ్చిన అరవై శాతం పూర్తిగా వాపసు చేయాలి. రెండు లారీల బాడుగ, కంటైనర్ రద్దు రుసుము, ఆగస్టు 28 నుంచి సరుకు ఎత్తేదాకా గోదాము అద్దె మీరే భరించాలి. రసీదుల నకళ్లు జతచేశాను. ఈ లేఖ అందిన పదిహేను రోజుల్లో సొమ్ము జమ కాకపోతే మా న్యాయవాది నోటీసు వస్తుంది.

కొలిచిన పది దిమ్మల్లో మిగిలిన పొట్టును, కొలవని మరో పదింటిని గోనె సంచుల్లో కట్టి, మీ ఇద్దరు డ్రైవర్ల సంతకాలతో సీలు వేయించాను. మీ మనిషిని మీ సొంత మీటరుతోనే పంపండి, డిస్టిల్డ్ నీళ్లు నేనిస్తాను. ఎల్లుండి బ్రహ్మోత్సవాలు మొదలు కనుక బస ముందే చూసుకోమని చెప్పండి. అప్పటికప్పుడు ఇక్కడ గది దొరకదు.

ఇట్లు,
మీ కొనుగోలుదారు,
తిరుపతి.