తరుగు లెక్కలో మా తప్పు, మీకు రావలసిన డబ్బు

మన బంగారం కొట్టుకు వచ్చే అమ్మలకు, అక్కలకు, అన్నలకు నమస్కారం.

పోయిన నెల తూనికలు కొలతల శాఖ వాళ్లు మా బజారులో తనిఖీకి వచ్చారని, మన కొట్టు మీద కేసు రాశారని చాలామంది విన్నారు. నిజమే. అడగడానికి మొహమాటపడి ఊరుకున్నవాళ్లూ ఉంటారు కాబట్టి జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మన దగ్గర రెండు కాటాలున్నాయి. ముందు కౌంటరు మీద ఒకటి, లోపల పాత బంగారం తూచేది ఒకటి. ఎలక్ట్రానిక్ కాటాని ఏడాదికోసారి ఆ శాఖ చేత పరీక్ష చేయించి ముద్ర వేయించుకోవాలి. ముందుదానికి వేయించాం. లోపలిదానికి గడువు దాటి నాలుగు నెలలైంది. అధికారి తాను తెచ్చిన తూకం రాళ్లు పెట్టి చూస్తే తేడా ఏమీ రాలేదు. అయినా ముద్ర లేని కాటాతో వ్యాపారం చేయడమే 2009 తూనికలు కొలతల చట్టం ప్రకారం నేరం. ఒప్పుకుని రుసుము కట్టాను, తర్వాత ముద్ర వేయించాను. పాత బంగారం అమ్మడానికి వచ్చేవాళ్లు ఎక్కువమంది ఆసుపత్రి ఖర్చుకో, పిల్లల ఫీజుకో వస్తారు. సరిగ్గా వాళ్ల సొత్తు తూచే కాటానే నేను పట్టించుకోలేదు. అది తలుచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంది.

ఇంతకన్నా పెద్ద విషయం ఇంకొకటుంది. అది వచ్చిన అధికారులు అడగలేదు, నేనూ చెప్పలేదు.

పోయిన దసరా ముందు ఒక రిటైర్డ్ టీచరమ్మ మనవరాలి నెక్లెస్ బిల్లు పట్టుకుని వచ్చారు. బిల్లు వెనకాల పెన్సిల్‌తో లెక్క వేసుకుని తెచ్చారు. "బాబూ, రాళ్లకి కూడా తరుగు వేశావేంటి?" అన్నారు. నెక్లెస్ మొత్తం బరువు 40 గ్రాములు. అందులో రాళ్లు 6 గ్రాములు, బంగారం 34 గ్రాములు. తరుగు 12 శాతం. బంగారం మీద వేస్తే 4 గ్రాముల 80 మిల్లీగ్రాములు రావాలి. బిల్లులో 4 గ్రాముల 800 మిల్లీగ్రాములుంది. అంటే 720 మిల్లీగ్రాముల బంగారం ఖరీదు ఆవిడ దగ్గర ఎక్కువ తీసుకున్నాం.

తరుగు అనేది బంగారం కరిగించి, తీగ లాగి, మెరుగు పెట్టేటప్పుడు పోయే పొడికి. రాళ్లు కరగవు, అరగవు. వాటికి తరుగేమిటి? మా నాన్నగారు చేత్తో బిల్లు రాసిన రోజుల్లో ముందు రాళ్ల బరువు తీసేసి, ఆ తర్వాతే తరుగు కట్టేవారు. పోయిన ఏడాది శ్రావణమాసంలో కొత్త సాఫ్ట్‌వేర్ పెట్టాం. అందులో శాతం మొత్తం బరువు మీద పడేలా అమర్చారు. నేను ఒక్క బిల్లు కూడా చేత్తో సరిచూసుకోలేదు.

తెలియక జరిగిందని అక్కడితో ఆపితే అబద్ధమవుతుంది. టీచరమ్మ చెప్పిన రోజునే నాకు తెలిసిపోయింది. ఆవిడ డబ్బు ఆవిడకి ఇచ్చేశాను. మిగతావాళ్ల సంగతి సీజన్ అయ్యాక చూద్దామనుకున్నాను. దసరా పోయింది, దీపావళి పోయింది, సంక్రాంతికి గానీ సాఫ్ట్‌వేర్ మార్పించలేదు. మార్చాక కూడా పాత బిల్లుల ఊసెత్తలేదు. కేసు రాసిన రోజు రాత్రి ఆ బిల్లులన్నీ ముందేసుకుని కూర్చున్నాను. ముద్ర గురించి ఎవరో వచ్చి అడిగారు కాబట్టి సరిచేశాను, దీని గురించి ఎవరూ అడగలేదు కాబట్టి దాచాను. ఆ మాట ఇంట్లో చెబితే మా ఆవిడ, "రేపే ఇచ్చేయడం మొదలుపెట్టండి" అంది.

హాల్‌మార్క్ ఉంది కదా, ఇంకేం భయం అని చాలామంది అంటారు. హాల్‌మార్క్ చెప్పేది స్వచ్ఛత ఒక్కటే. తూకమూ తరుగూ బిల్లులోనే చూసుకోవాలి. స్వచ్ఛత విషయంలో మాత్రం ప్రభుత్వం బాగా బిగించింది. 2021 జూన్ నుంచి హాల్‌మార్క్‌ని దశలవారీగా తప్పనిసరి చేశారు. 2023 ఏప్రిల్ 1 నుంచి హెచ్‌యూఐడీ, అంటే అక్షరాలూ అంకెలూ కలిపి ఆరు ఉండే నగ గుర్తింపు నంబరు, లేకుండా హాల్‌మార్క్ నగ అమ్మకూడదు. హాల్‌మార్క్ చూసే ప్రభుత్వ సంస్థ బీఐఎస్ వాళ్ల 'బీఐఎస్ కేర్' యాప్‌లో ఆ నంబరు కొడితే హాల్‌మార్క్ వేయించిన కొట్టు రిజిస్ట్రేషన్, పరీక్షించిన కేంద్రం, స్వచ్ఛత, వస్తువు రకం కనిపిస్తాయి. ఆ చివరిది తప్పక చూడండి. ఈమధ్య ఒక అమ్మాయి వేరే ఊళ్లో కొన్న గొలుసు తెచ్చింది. భూతద్దంలో చూస్తే నంబరు చక్కగా ఉంది. యాప్‌లో కొడితే "ఉంగరం" అని వచ్చింది. ఎవరి ఉంగరం నంబరో తెచ్చి ఈ గొలుసు మీద కొట్టారు. ఆ పిల్ల ముఖం చూడలేకపోయాను. 1915కి ఫోన్ చేయమన్నాను. అది వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులోనే మాట్లాడొచ్చు. హాల్‌మార్క్‌లో ఉన్నదానికన్నా స్వచ్ఛత తక్కువని తేలితే ఆ తేడాకి రెండింతలు, పరీక్ష ఖర్చుతో సహా అమ్మినవాడు ఇవ్వాలని నిబంధన ఉంది. బిల్లు లేకపోతే ఇదంతా కష్టం. దయచేసి ఎవరి దగ్గర కొన్నా, మా దగ్గరైనా సరే, చీటీ మీద రాసిచ్చింది తీసుకోకండి.

రెండు గ్రాముల లోపు వస్తువులకి హాల్‌మార్క్ తప్పనిసరి కాదు. ముక్కుపుడక మీద నంబరు లేదని కంగారుపడొద్దు.

ఇక మీ డబ్బు సంగతి. పోయిన శ్రావణం నుంచి ఈ సంక్రాంతి వరకు మన దగ్గర రాళ్ల నగ కొన్న ప్రతి ఒక్కరికీ తేడా తిరిగిస్తాం. అప్పటి రేటు కాదు, మీరు వచ్చిన రోజు రేటు కట్టి ఇస్తాం. దాని మీద మీరు కట్టిన 3 శాతం జీఎస్టీ కూడా కలిపి ఇస్తాం. డబ్బే తీసుకోండి, బదులుగా ఇంకో వస్తువు కొనమని మా కుర్రాళ్లెవరూ అడగరు. రాళ్లు లేని గొలుసులు, గాజులు, పుస్తెలతాళ్ల బిల్లుల్లో ఈ పొరపాటు లేదు. అయినా అనుమానముంటే తీసుకురండి, మీ ఎదుటే లెక్క కడతాను.

బిల్లు పోయినా పరవాలేదు, కొన్నప్పుడు ఇచ్చిన ఫోన్ నంబరు చెబితే మా దగ్గర దొరుకుతుంది. ఊళ్లో లేనివాళ్లు ఇంట్లోవాళ్లని పంపించవచ్చు. శుక్ర, శనివారాలు రద్దీగా ఉంటుంది. సోమవారం నుంచి గురువారం వరకు మధ్యాహ్నం పూట వస్తే నేనే కూర్చుని చూస్తాను.